అమెరికాలో చిన్న క్రైస్తవ సేవాసంస్థ పెట్టి ఆంధ్రలోని అనాథ పిల్లలకు సాయం చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

అమెరికా వైపు పని తేలికే. రాష్ట్రంలో నాన్‌ప్రాఫిట్‌గా నమోదై, అక్కడి పన్నుల శాఖ ఐఆర్‌ఎస్‌కు ఫారం 1023 పెట్టుకుంటే, సేవాసంస్థలకిచ్చే 501(సి)(3) హోదా వస్తుంది. దాతలకు పన్ను మినహాయింపు దాంతోనే.

చిక్కంతా ఇండియా వైపు. మీ డబ్బు అందుకునే సంస్థకు విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, అదే ఎఫ్‌సీఆర్‌ఏ, కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. అది రావాలంటే మామూలుగా మూడేళ్లు పనిచేసి, ఆ కాలంలో కనీసం 15 లక్షల రూపాయలు సేవకు ఖర్చుపెట్టి ఉండాలి. కొత్త సంస్థైతే ముందస్తు అనుమతి అడగొచ్చు. 2020 సవరణ తర్వాత డబ్బు మొదట ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచి ఖాతాలోనే పడాలి. తీసుకున్న సంస్థ దాన్ని ఇంకో సంస్థకు మళ్లించకూడదు. పాలనా ఖర్చులు 20 శాతం దాటకూడదు. కాబట్టి 'పాస్టరుగారి ఖాతాకు పంపేద్దాంలే' అనే ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకోండి.

అన్నట్టు, సేవ అనగానే హోమ్, అంటే అనాథాశ్రమం, కట్టడమే గుర్తొస్తుంది. దానికి బాల న్యాయ చట్టం, 2015 కింద వేరే రిజిస్ట్రేషన్ కావాలి. పైగా ఇలాంటి హోముల్లో ఉండే చాలామంది పిల్లలకు అమ్మో నాన్నో బతికే ఉంటారు. పిల్లలను ఇంట్లోనే ఉంచి ఫీజులు, సరుకులు ఆ కుటుంబానికి అందేలా చూడటానికే నా ఓటు. ఫొటోలకు భవనం ఉండదు, అంతే.