పూల్ యాక్టివ్‌గానే ఉంది, ఇమేజ్‌లు లేవు: ముందు మౌంట్ చూడండి

రీబూట్ చేశాక లిబ్‌వర్ట్ (లినక్స్‌లో వీఎంలను, అంటే వర్చువల్ మెషీన్లను నిర్వహించే సాఫ్ట్‌వేర్) స్టోరేజ్ పూల్ (వీఎంల డిస్క్ ఇమేజ్ ఫైళ్లు ఉంచే చోటు) యాక్టివ్ అనే చూపిస్తోంది, లోపల ఒక్క డిస్క్ ఇమేజ్ కూడా లేదు, వీఎం స్టార్ట్ చేస్తే ఫైల్ దొరకలేదంటోంది, పూల్ తీసేసి మళ్లీ పెట్టాలా అని అడిగారు. వద్దండీ. ఇప్పుడే ఏదీ డిలీట్ చేయకండి, కొత్త వీఎం కూడా పెట్టకండి. ఇమేజ్‌లు మరో డిస్క్‌లో ఉంటే చాలావరకు అవి భద్రంగానే ఉంటాయి.

నాకూ అచ్చం ఇలాగే జరిగింది. ఇమేజ్‌లన్నీ రెండో డిస్క్‌లో ఉండేవి. ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో (బూట్ అయ్యేటప్పుడు ఏ డిస్క్ ఏ ఫోల్డర్‌కి జతకావాలో, అంటే మౌంట్ కావాలో రాసే ఫైల్) ఆ డిస్క్‌ని ఎస్‌డీబీ1 అనే పేరుతో రాసి, నోఫెయిల్ కూడా పెట్టాను. ఇంకో డిస్క్ తగిలించి బూట్ చేస్తే పాతది ఎస్‌డీసీ అయిపోయింది. నోఫెయిల్ ఉంది కాబట్టి మౌంట్ కాకపోయినా బూట్ ఆగలేదు. డైరెక్టరీ రకం పూల్‌కి ఆ ఫోల్డర్ ఉంటే చాలు. అది ఏ డిస్క్ మీద ఉందో లిబ్‌వర్ట్ చూడదు. ఖాళీ మౌంట్ పాయింట్‌నే పూల్ అనుకుని యాక్టివ్ అనేసింది.

అసలు నష్టం ఆ తర్వాత నేను చేసిన పనివల్లే. ఇమేజ్‌లు పోయాయన్న టెన్షన్‌లో అదే పూల్‌లో కొత్త వీఎం పెట్టాను. అది రూట్ డిస్క్‌లోకి (సిస్టమ్ ఉన్న డిస్క్) వెళ్లి పెరుగుతూ పోయింది. రూట్ నిండాక ఆ వీఎం పాజ్ అయిపోయింది. అసలు డిస్క్ మౌంట్ చేశాక ఈ కొత్త ఫైల్ దాని కింద దాక్కుంది: డీఎఫ్ (డిస్క్ ఎంత నిండిందో చూపే కమాండ్) చూస్తే రూట్ నిండుగా ఉంది, డీయూతో (ఫోల్డర్ల సైజు చూపే కమాండ్) వెతికితే ఆ ఫైల్ ఎక్కడా కనిపించదు. చివరికి రూట్‌ని వేరే ఖాళీ ఫోల్డర్‌లో బైండ్ మౌంట్ చేస్తే (ఒక ఫోల్డర్‌ని మరో చోట కూడా కనిపించేలా జతచేయడం) బయటపడింది.

మీరు ముందు వర్ష్‌లో (లిబ్‌వర్ట్ కమాండ్ టూల్) పూల్-డంప్ఎక్స్ఎంఎల్ ఇచ్చి పూల్ పాత్ చూడండి. ఆ పాత్ మీద డీఎఫ్ కొట్టండి. రూట్ డిస్క్ పేరు వస్తే సంగతి ఇదే. డిస్క్‌ల జాబితా చూపే ఎల్ఎస్‌బీఎల్‌కే కమాండ్‌కి మైనస్ ఎఫ్ జోడించి ఇస్తే డిస్క్ యూయూఐడీ (డిస్క్ క్రమం మారినా మారని ఐడీ) వస్తుంది. ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో డివైస్ పేరు తీసేసి అది రాయండి, మౌంట్ చేయండి, పూల్-రిఫ్రెష్ ఇవ్వండి. ఇమేజ్‌లు వచ్చేస్తాయి.

మళ్లీ ఇలా కాకుండా నేను రెండు పనులు చేశాను. డిస్క్ మౌంట్ కాని సమయంలో ఆ ఖాళీ ఫోల్డర్‌కి సీహెచ్అట్టర్ కమాండ్‌తో ప్లస్ ఐ (మార్పులు జరగకుండా ఆపే గుర్తు) పెట్టాను. ఇక మౌంట్ లేనప్పుడు రూట్ యూజర్ (అన్ని అధికారాలూ ఉన్న యూజర్) కూడా అందులో ఫైల్ పెట్టలేడు. మౌంట్‌కి మాత్రం ఏ అడ్డూ ఉండదు. రెండోది, లిబ్‌వర్ట్ సర్వీస్‌కి సిస్టమ్‌డీలో (లినక్స్‌లో సర్వీసులను మొదలుపెట్టే ప్రోగ్రామ్) రిక్వైర్స్‌మౌంట్స్‌ఫర్ లైన్ రాసి ఆ పాత్ ఇచ్చాను. మౌంట్ కాకపోతే సర్వీసే మొదలవదు. ఈ తప్పు వెంటనే కంటపడటమే నాకు నయమనిపించింది.

డీఎఫ్‌లో సరైన డిస్కే వచ్చి, ఎర్రర్ పర్మిషన్ డినైడ్ అయితే దారి వేరు. ఇమేజ్ హోమ్ ఫోల్డర్‌లో ఉందేమో చూడండి. ఉబుంటు 21.04 నుంచి కొత్తగా క్రియేట్ అయ్యే హోమ్ ఫోల్డర్లలోకి ఇతర యూజర్లు వెళ్లలేరు, వీఎంని అసలు నడిపే ప్రోగ్రామ్ క్యూఈఎంయూ నడిచేది వేరే యూజర్ కింద. ఇమేజ్‌ని లిబ్‌వర్ట్ డిఫాల్ట్ ఫోల్డర్‌కి మార్చి, వీఎం ఎక్స్ఎంఎల్‌లో ఆ కొత్త పాత్ ఇవ్వండి.