గుమ్మడి పిందెలు రాలుతున్నాయి, ఏ మందు కొట్టాలి?

ప్రశ్న: కూరకు తెచ్చిన గుమ్మడికాయ గింజలు ఎండబెట్టి, జూన్‌లో పెరట్లో నాలుగు పాదులు పెట్టాను. తీగ గోడెక్కింది, పూలు బాగా పూస్తున్నాయి. కానీ పిందెలు నిమ్మకాయంత కాకముందే పసుపుబారి రాలిపోతున్నాయి. తెగులని షాపులో మూడు రకాల మందులిచ్చారు. వారానికోసారి పొద్దున్నే కొడుతున్నా, యూరియా కూడా వేస్తున్నా. ఫలితం లేదు. – ఒక గృహిణి, తెనాలి

జవాబు: ఇది తెగులులా లేదమ్మా. రాలిన పిందెను నిలువునా కోసి చూడండి. లోపల పురుగు లేకపోతే పరాగసంపర్కం జరగలేదన్నమాట, అంటే మగపువ్వు పుప్పొడి ఆడపువ్వుకు అందలేదు. గుమ్మడి పువ్వు తెల్లవారుతూనే విచ్చుకుని పది గంటలకల్లా ముడుచుకుంటుంది. సరిగ్గా తేనెటీగలు తిరిగే ఆ వేళకే మీరు మందు కొడుతున్నారు. ఇక పిందె ఎలా నిలుస్తుంది? పిందె కోసి చూడకుండా మూడు డబ్బాలు అంటగట్టిన షాపతన్ని అడగాల్సిన మాట ఇది. వాటిలో గంధకం మందు ఉంటే అసలు ముట్టుకోవద్దు, పాదు జాతి ఆకులు మాడిపోతాయి.

మందులన్నీ ఆపేసి ఇలా చేయండి. ఉదయం 6 నుంచి 8 గంటల మధ్య, అప్పుడే విచ్చుకున్న మగపువ్వును కోయండి. దాని కాడ సన్నగా, పొడవుగా ఉంటుంది. ఆడపువ్వుకైతే రేకుల కింద బుల్లి గుమ్మడికాయే కనిపిస్తుంది. మగపువ్వు రేకులు తుంచేస్తే మధ్యలో పసుపు పొడి అంటిన కాడ మిగులుతుంది. దాన్ని ఆడపువ్వు మధ్యలో పుప్పొడి అందుకునే భాగం (కీలాగ్రం) మీద అన్ని వైపులా మెల్లగా రాయండి. వాన కురిస్తే పుప్పొడి తడిసిపోతుంది, మర్నాడు పూసే పువ్వుకు చేయండి. వారంలో పిందె ఊరడం మీకే తెలుస్తుంది. తీగకు రెండు మూడు కాయలు నిలిచాక మిగతా పిందెలు రాలినా కంగారు పడొద్దు.

యూరియా కూడా ఆపండి. నత్రజని ఎక్కువైతే తీగ ఏపుగా పెరుగుతుంది గానీ కాపు తగ్గుతుంది. వచ్చేసారి మొక్క 2–4 ఆకుల దశలో ఉన్నప్పుడు లీటరు నీటికి 3–4 గ్రాముల బోరాక్స్ కలిపి పిచికారీ చేస్తే ఆడపూలు పెరుగుతాయి. ఇప్పుడు చేసి లాభం లేదు. కూరకాయ హైబ్రిడ్‌దైతే ఆ గింజకు అదే కాయ రాదు. అర్కా చందన్ లాంటి సూటి రకం (హైబ్రిడ్ కానిది) విత్తనం తెచ్చుకోండి.

కోసిన పిందెలో తెల్లటి పురుగులుంటే మాత్రం అది పండు ఈగ పని. రాలినవన్నీ ఏరి లోతుగా పూడ్చి, ఆ ఈగల్ని రప్పించే క్యూలూర్ ఎర బుట్ట కట్టండి. మామిడికి వాడే మిథైల్ యూజినాల్ ఎర ఇస్తే తీసుకోవద్దు, గుమ్మడి ఈగ దానికి రాదు.