అక్కయ్య కట్టుడు పళ్లతో భోజనం

చిరంజీవి శ్రీనివాసుకు మామయ్య ఆశీస్సులు.

కొత్త కట్టుడు పళ్లతో ముద్ద గొంతు దిగడం లేదని అక్కయ్య అంటోందనీ, అందువల్ల భోజనం వేళ వాటిని తీసి పక్కన పెట్టమని నీవే చెప్పావనీ రాశావు. సెట్టు సరిగ్గా కుదిరి ఉంటే ఆ అలవాటు మానిపించు. మింగే క్షణంలో పై పళ్లూ కింది పళ్లూ ఆనుకుని దవడను నిలబెడతాయి. ఆ ఆధారంతోనే నాలుక ముద్దను అంగిలికి అదిమి వెనక్కి నెడుతుంది. పళ్లు లేని నోట్లో దవడ మరీ పైకి వచ్చేయడంతో నాలుకకు పట్టు చిక్కదు, సగం నమిలిన ముద్ద అలాగే గొంతులోకి జారుతుంది.

అయితే ఆమె ఇబ్బంది కూడా నిజమే. పై సెట్టు అంగిలిని కప్పేస్తుంది కనుక ముద్ద ఎంత వేడిగా ఉందో, ఎంత నలిగిందో మునుపటిలా తెలియదు. చేప ముల్లు సైతం తెలియకుండా గొంతు దాకా పోతుంది. అందుచేత ముళ్లు ఎక్కువగా ఉండే చేపలను కొంతకాలం వడ్డించవద్దు, కొరమీనైనా ముల్లు తీసే పెట్టు. మొదటి వారాల్లో లాలాజలం ఎక్కువగా ఊరుతుంది, అది క్రమంగా సర్దుకుంటుంది. చిన్న ముద్దలు చేసుకుని, రెండు వైపులా సమంగా నమలమని చెప్పు. ఒకే పక్క నమిలితే సెట్టు రెండో పక్క లేస్తుంది.

చారన్నం మెత్తనిదే కదా అని ముందుగా అదే పెడుతుంటారు, నాకు మాత్రం అదే భయం. నీళ్లలాంటి చారు మెతుకుల కంటే ముందే గొంతులోకి పారిపోతుంది, దాంతో పొలమారుతుంది. ముద్దపప్పు, నెయ్యి కలిపి మెత్తగా పిసికిన అన్నం అంతకంటే క్షేమం. తినేటప్పుడు నిటారుగా కూర్చోవాలి, తిన్నాక అరగంట వరకు పడుకోకూడదు.

పళ్లు తీసేశాక చిగుళ్ల కింది ఎముక ఏళ్ల తరబడి అరుగుతూనే ఉంటుంది, ఒకప్పుడు బిగువుగా ఉన్న సెట్టు వదులవుతుంది. పై సెట్టును నిలిపేది పలుచని లాలాజలపు పొరే కాబట్టి, కొన్ని రక్తపోటు మందులూ, ఎలర్జీ మందులూ నోరు ఎండగొడితే అది ఇంకా జారుతుంది. వదులైన సెట్టుతో తినిపించడం కంటే, డాక్టరు దాన్ని సరిచేసే వరకు తీసి ఉంచి మెత్తని ఆహారం పెట్టడమే మేలు. బావగారి తీగ కొక్కేల చిన్న సెట్టు విరిగితే ఆ రోజే వాడకం ఆపించు. విరిగిన ముక్కను మింగినవారున్నారు, ప్లాస్టిక్ భాగం మామూలు ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు.

రాత్రి మాత్రం తప్పకుండా తీయించు. జపాన్‌లో 85 ఏళ్లు దాటిన 524 మందిని మూడేళ్లు గమనించి 2015లో ప్రచురించిన అధ్యయనంలో, సెట్టుతోనే నిద్రించేవారికి న్యుమోనియా ముప్పు రెండింతలకు పైగా కనిపించింది. సబ్బుతో, మెత్తని బ్రష్‌తో కడిగి చల్లని నీటిలో ఉంచాలి. వేడినీళ్లకు ఆకారం మారుతుంది.

సెట్టు సరిగ్గా కుదిరినా ప్రతి భోజనంలో దగ్గు రావడం, తిన్నాక గొంతు గరగరలాడటం, బరువు తగ్గడం, మాటిమాటికీ జ్వరం రావడం కనిపిస్తే తప్పు పళ్లదని ఊరుకోవద్దు. పక్షవాతం, పార్కిన్సన్ వంటి జబ్బులు కూడా మింగుడును దెబ్బతీస్తాయి. వెంటనే పెద్దాసుపత్రిలో చూపించి, మింగుడు పరీక్ష చేయమని నీవే అడుగు.

మీ మామయ్య