బావ గురించి రాసే ముందు

చి. అమ్మాయికి మామయ్య ఆశీస్సులు.

పెద్దకర్మ రోజు పంచే కాగితం కోసం నువ్వు రాసి పంపిన పేజీ చదివాను. భాష బాగానే ఉంది. కానీ నిరాడంబరుడు, స్నేహశీలి, ఆదర్శ గృహస్థు అన్న మూడు ముక్కలూ మా ఆఫీసులో పోయిన ప్రతివాడికీ రాశాం. ఇలాంటివి నా చేత్తోనే పదో పన్నెండో రాశాను గనక చెబుతున్నా, గుణాలు కొట్టేసి పనులు రాయి.

ఉద్యోగం సంగతి రెండు వాక్యాల్లో తేల్చెయ్. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రంలో మొదటి యూనిట్ మొదలైన 1979లోనే ఎలక్ట్రీషియన్‌గా చేరాడు, 2010లో రిటైరయ్యాడు. జెన్‌కోలో చేరారని రాశావు, అది దిద్దు. అప్పుడున్నది విద్యుత్ బోర్డు, జెన్‌కో వచ్చింది 1999లో. ఆ కేంద్రానికి తర్వాత నార్ల తాతారావు పేరు పెట్టారు గానీ బావ నోట ఎప్పుడూ పాత పేరు వీటీపీఎస్సే (విజయవాడ థర్మల్ పవర్ స్టేషన్). అదే ఉంచు.

‘కుటుంబమంటే ప్రాణం’ అన్నచోట పెరట్లో ఎర్తింగ్ గుంట గురించి రాయి. ఉప్పూ బొగ్గూ వేసి పూడ్చిన ఆ గుంట ఎండిపోతే మట్టి కరెంటును లాక్కోదు. అప్పుడు ఫ్రిజ్ బాడీకి కరెంటొస్తే, ముట్టుకున్న మనిషిలోంచే పోతుంది. అందుకే రోహిణి కార్తెలో పంపు సన్నగా వస్తున్నా మొదటి రెండు బకెట్లు దానికే పోసేవాడు. “నా మల్లెచెట్టు చచ్చినా సరే, ఈయన గుంట చల్లగా ఉండాలి” అని అక్క సణిగేది. నువ్వు ఆ ఫ్రిజ్ తలుపు తడిచేత్తో రోజుకు ఇరవైసార్లు తీసేదానివి. నీకెప్పుడైనా చెప్పాడా?

నీకు తెలియనిది ఇంకొకటి ఉంది. 2024 సెప్టెంబరులో బుడమేరు సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు నువ్వు హైదరాబాదులో ఉన్నావు. నీళ్లు తీశాక పాత స్నేహితుడి ఇంటికి నన్నూ లాక్కెళ్లాడు. డెబ్బై రెండేళ్ల మనిషి, మోకాళ్లు వంగవు. వీధిలో కుర్చీ వేసుక్కూచుని, “మెయిన్ వెయ్యకండి, బోర్డులు విప్పి ఎండలో పెట్టండి” అని వచ్చేపోయేవాళ్లందరి మీదా కేకలు. మెయిన్ తీసేశామని ఎవరైనా అంటే నమ్మేవాడు కాదు. ముందు కరెంటున్న చోట టెస్టర్ వెలుగుతోందో లేదో చూసుకుని, తర్వాతే ఆ ఇంట్లో పెట్టి చూసేవాడు. టెస్టరే పాడైతే లేదన్న మాట కూడా అబద్ధమే కదా అనేవాడు.

కోపం సంగతి దాచకు. నీ పెళ్లిలో కన్యాదానం పీటల మీంచి లేచిపోయాడు, గుర్తుందా? లైటింగ్ వాడు టేపు చుట్టకుండా వైర్లు కలిపాడు, అవి పందిరి గుంజకు తగులుతున్నాయి. పట్టుపంచెతో వెళ్లి తిట్టి, చుట్టించి వచ్చి కూర్చున్నాడు. పురోహితుడు మంత్రం మళ్లీ మొదలెట్టాడు. మీ అత్తగారివాళ్లు ఏమనుకుంటారో అని మానేస్తావేమో, రాయి. వాళ్లే ముందు నవ్వుతారు.

మిగతావి అమ్మనడుగు. పగలు జనం ఉన్నప్పుడు కాదు, రాత్రి పక్కలు వేశాక. పక్కన కాగితం, కలం పెట్టుకోకు, చూస్తే మాట మార్చేస్తుంది. రాశాక ఆమెకే చదివి వినిపించు. “అలా కాదే” అని అడ్డుపడిన ప్రతిచోటా ఆమె మాటే పెట్టు.

శనివారం పొద్దున గుంటూరులో నాన్‌స్టాప్ ఎక్కుతాను. హాల్లో ఫ్యాను మెల్లగా తిరుగుతోందని అక్క ఫోన్లో అంది. కండెన్సర్ పోయుంటుంది. ఎవర్నీ పిలవకండి, బావ నాకు నేర్పిన పని అదొక్కటే. టెస్టర్ ఆయన చొక్కా జేబులోనే ఉండాలి, తీసి ఉంచు.

మీ మామయ్య