టెక్ సందేహాలు: పాత బండి ఇంజిన్ ఏదో ఫోన్ చెప్పగలదా?

ప్రశ్న: టెక్సాస్‌లో ఉంటున్నాను. 1972 షెవ్రోలే సీ10 పికప్ ఒకటి కొనాలనుకుంటున్నాను. అమ్మే ఆయన ఇంజిన్ ఒరిజినలే, 350 (క్యూబిక్ అంగుళాల సైజు) అంటున్నాడు. ఇంజిన్ బ్లాక్ వెనక పోతలో ఉన్న నంబర్ ఫొటో తీసి ఒక యాప్‌లో పెట్టాను. 3970010 అని చదివి, ఇది 1969 కమారో జెడ్28 స్పోర్ట్స్ కారులో వచ్చిన 302 ఇంజిన్ అని చెప్పింది. ఏఐ చాట్‌బాట్‌దీ అదే మాట. ఫొటోలో ‘కె 14 9’ అని కూడా కనిపిస్తోంది. ముందు వైపు పంచింగ్ ఉండాల్సిన చోట మాత్రం ఏమీ లేదు. అరుదైన ఇంజిన్ దొరికినట్టేనా?

జవాబు: కాదు. అరుదైన ఇంజిన్ అనుకుని ఎక్కువ ధర పెట్టి మాత్రం కొనకండి. పాత బండ్ల మీద మోజు పెరిగినప్పటి నుంచి ఈ ప్రశ్న రకరకాల రూపాల్లో వస్తూనే ఉంది. నంబర్ ఫొటో తీయడం, యాప్ చెప్పింది నమ్మేయడం, అడ్వాన్స్ ఇచ్చేయడం. ఆ మధ్యలో బండి దగ్గర కూర్చుని చేయాల్సిన పని ఒకటుంది. దాన్ని ఎవరూ చేయడం లేదు.

బ్లాక్ మీద రెండు రకాల నంబర్లు ఉంటాయి. ఇనుము పోత పోసినప్పుడే ఉబ్బెత్తుగా వచ్చేది కాస్టింగ్ నంబర్. ఇంజిన్ బిగించాక సుత్తితో కొట్టినట్టు లోపలికి దిగి ఉండేది పంచింగ్. మొదటిది ఫోన్ మోడల్ నంబర్ లాంటిది, రెండోది ఒక్కో ఫోన్‌కి విడిగా ఉండే ఐఎంఈఐ నంబర్ లాంటిది. మోడల్ నంబర్ చూసి ఈ ఫోన్ ఎవరిదో చెప్పమంటే ఎలా కుదురుతుంది? మీ యాప్ చేసింది ఆ పనే.

3970010 అనే అచ్చు 1969 నుంచి దాదాపు 1970ల చివరి దాకా నడిచింది. 1969లో అదే బ్లాక్‌తో 302 చేశారు, 327 చేశారు, 350 కూడా చేశారు. మూడింటికీ బోరు (సిలిండర్ వెడల్పు) ఒకటే, 4 అంగుళాలు. తేడా అంతా క్రాంక్‌షాఫ్ట్‌లో ఉంది. స్ట్రోక్ (పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం) 3 అంగుళాలైతే 302, 3.25 అయితే 327, 3.48 అయితే 350. అంటే బయటి నుంచి కాస్టింగ్ నంబర్ ఎంతసేపు చూసినా లోపల ఏ క్రాంక్ ఉందో తెలియదు. ఆ తర్వాతి ఏళ్లలో ఈ అచ్చులో పోసినవి 350లే కాబట్టి, అంకెలు చూసి పందెం కాయాలంటే 350 వైపే కాయాలి. జాబితాలో 302 ముందుంటుంది, మీ యాప్ ఆ మొదటి వరసే చూపించి ఊరుకుని ఉంటుంది. క్రాంక్‌ని పట్టి ఉంచే మెయిన్ క్యాప్‌లకు రెండు బోల్టులా, నాలుగు బోల్టులా అన్నది కూడా ఈ నంబర్ చెప్పదు. ఆయిల్ పాన్ దించితే అదీ కనిపిస్తుంది, క్రాంక్ మీది నంబరూ కనిపిస్తుంది.

ఇక ‘కె 14 9’. ఇది పోత పోసిన తేదీ. ఏ అంటే జనవరి, ఎల్ అంటే డిసెంబర్. ఆ లెక్కన కె నవంబర్, 14వ తేదీ. చివరి అంకె సంవత్సరానిది. కానీ దశాబ్దం రాయరు. ఈ అచ్చు విషయంలో 9 అంటే 1969 కావచ్చు, 1979 కూడా కావచ్చు. 1972 బండికి రెండూ నప్పవు. 1979 అయితే బండి అమ్ముడైన ఏళ్ల తర్వాత పోసిన బ్లాక్. 1969 అయితే మూడేళ్ల ముందుది. ఆ అంకె నిజంగా 9 అయితే ‘ఒరిజినల్’ అన్న మాట నిలబడదు.

అయితే అది 9 కాక 1 అయితే? నవంబర్ 14, 1971. 1972 మోడల్ పికప్‌కి చక్కగా సరిపోతుంది. యాభై ఏళ్ల తుప్పు, గ్రీజు, పెయింటు పొరల కింద 1 పక్కన ఒక పొక్కు ఉన్నా చాలు, ఫొటోలో 9లా కనిపిస్తుంది. పెద్ద నంబర్‌లోనూ ఇదే ప్రమాదం ఉంది. 3970010లో చివరి నుంచి రెండో అంకె 2 అయితే అది 307 బ్లాక్. ఆ ఏడాది సీ10లో 307 కూడా వచ్చింది. ఒక్క అంకెతో ఇంజిన్ మారిపోతుంది.

ఈ కాలపు ఫోన్ కెమెరాల మీద నా అభ్యంతరం ఇక్కడే. జూమ్ చేస్తే ఉన్నది చూపించడం మానేసి, అక్కడ ఏముండాలో ఊహించి గీతలు పదును పెడుతున్నాయి. ముఖాలకూ పూలకూ అది బాగానే ఉంటుంది. అంకెలకు పనికిరాదు. మసగ్గా ఉన్న అంకె మసగ్గానే కనిపిస్తే మనకు అనుమానం వస్తుంది, దగ్గరికెళ్లి చూస్తాం. తప్పు అంకె స్పష్టంగా కనిపిస్తే ఎవరికి అనుమానం వస్తుంది? 2013లో జర్మనీలో డేవిడ్ క్రీసెల్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త ఒక ఆఫీసు స్కానర్‌లో ఇలాంటిదే పట్టుకున్నారు. ఇంటి ప్లాన్ స్కాన్ చేస్తే మూడు వేర్వేరు గదులకు 14.13 చదరపు మీటర్లనే ఒకే విస్తీర్ణం వచ్చింది. అసలు కాగితం మీద మిగతా రెండు గదులవి 21.11, 17.42. ఫైలు చిన్నది చేసే పద్ధతి ఒకేలా కనిపించిన ముక్కల్ని ఒకదాని బదులు ఇంకొకటి అతికించేసింది. అక్షరాలు ఎక్కడా చెదరలేదు, అందుకే ఏళ్ల తరబడి ఎవరూ గమనించలేదు. ఫోన్ తయారు చేసేవాళ్లు ఆ పాఠం ఇంకా ఒంటబట్టించుకోలేదు. ‘ఏ మార్పూ చేయకుండా తీయి’ అనే ఒక్క బటన్ కెమెరా తెరిచిన వెంటనే కనిపించేలా ఇవ్వడం వాళ్లకు ఏమంత కష్టం?

కాబట్టి మళ్లీ బండి దగ్గరికి వెళ్లండి. కాస్టింగ్ నంబర్ మీద డీగ్రీజర్ కొట్టి బ్రష్‌తో తోమండి. జూమ్ వద్దు. టార్చ్ ఎదురుగా కాకుండా పక్క నుంచి ఏటవాలుగా పట్టుకుంటే అంకెల నీడలు లేస్తాయి. పలచటి కాగితం పరిచి పెన్సిల్‌తో రుద్దితే ఉబ్బెత్తు అంకె ఉన్నదున్నట్టు దిగుతుంది. ఆ కాగితాన్ని ఏ సాఫ్ట్‌వేరూ మార్చలేదు.

పంచింగ్ చోటు దగ్గర మాత్రం వైర్ బ్రష్, ఎమెరీ పేపర్ వాడొద్దు. కుడి సిలిండర్ హెడ్‌కి ముందు, బ్లాక్ మీద చదునుగా ఉండే చోటది. గీతలు లోతు తక్కువ, రుద్దితే పోతాయి. అక్కడ ఫ్యాక్టరీ అక్షరం (ఫ్లింట్ అయితే వి, టోనవాండా అయితే టి), నెల, తేదీ, తర్వాత ఆ ఇంజిన్ ఏ బండికి చేసిందో చెప్పే అక్షరాలు ఉండాలి. మీదాంట్లో ఏమీ లేదంటే లేత్ షాపులో బ్లాక్ పైభాగం చెక్కించి ఉండాలి, లేదా అది విడిగా కొన్న బ్లాక్ అయి ఉండాలి. 1968 నుంచి బండి విన్ నంబర్‌లో (ఛాసిస్ నంబర్ లాంటిది) కొంత భాగాన్ని కూడా ఇంజిన్ మీద కొట్టారు. ఆయిల్ ఫిల్టర్ దగ్గర వెతకండి. దొరికితే టైటిల్ కాగితంతో (బండి యాజమాన్య పత్రం) పోల్చండి. దొరకకపోతే ఒరిజినల్ అన్న మాటకు అదనంగా ఒక్క డాలర్ కూడా ఇవ్వకండి.

చాట్‌బాట్‌ని అడిగేవాళ్లకూ ఒక మాట. ‘ఇది ఏ ఇంజిన్?’ అంటే ఒకే పేరు చెప్పి ఊరుకుంటుంది. ‘ఈ అచ్చు ఏయే ఇంజిన్లలో వచ్చింది, వాటిని విడదీయాలంటే ఇంకా ఏమేం చూడాలి?’ అని అడగండి. అప్పుడైనా వెతకాల్సిన దారి తెలుస్తుంది.

ప్రశ్న: తాతగారి అంబాసిడర్ మా రాజమండ్రి ఇంట్లో ఉంది. ఇంజిన్ ఎప్పుడో మార్చారని మెకానిక్ అంటున్నాడు. పాత కార్ల వాట్సాప్ గ్రూపులో ‘ఇంజిన్ నంబర్ చెక్’ అని ఎవరో ఏపీకే ఫైలు పెడితే ఇన్‌స్టాల్ చేశాను. ఎస్ఎంఎస్ అనుమతి అడిగితే ఇచ్చాను. ఏమీ రాలేదు, ఇప్పుడు ఐకాన్ కూడా కనిపించడం లేదు. ఆర్‌సీ, ఇంజిన్ నంబర్ ఫొటోలు గ్రూపులో పెట్టాను. ఏదైనా మంచి యాప్ చెప్పండి.

జవాబు: యాప్ సంగతి తర్వాత. ముందు ఆ ఫోన్‌లో డేటా, వైఫై ఆపేయండి. సిమ్ తీసేయండి. ఇంకొకరి ఫోన్ నుంచి బ్యాంకుకి ఫోన్ చేసి నెట్ బ్యాంకింగ్, యూపీఐ ఆపించండి. డబ్బు పోయినట్టు కనిపిస్తే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఆ తర్వాతే ఫోన్ ఫ్యాక్టరీ రీసెట్ చేసి, పాస్‌వర్డులు వేరే పరికరం నుంచి మార్చండి. వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ చూసి తెలియనివి తీసేయండి.

నన్ను అన్నిటికన్నా భయపెడుతున్నది ఈ ఏపీకేలే. ట్రాఫిక్ చలానా పేరుతో, ఆర్టీఓ పేరుతో, పెళ్లి శుభలేఖ పేరుతో ఇవి తిరుగుతూనే ఉన్నాయి. పేరు మారుతుంది, పని మారదు. ఎస్ఎంఎస్ చదివే అనుమతి ఇచ్చామంటే ఓటీపీ వాళ్ల చేతికి వెళ్లినట్టే. ఐకాన్ దాక్కోవడం ఆ జాతి లక్షణం. ఇంజిన్ నంబర్ చూసే యాప్‌కి మన ఎస్ఎంఎస్‌లతో పనేంటి? ఆ అనుమతి అడగ్గానే ఆగిపోవాలి. గ్రూపులో పెద్దాయన పంపారు కదా అనుకోవద్దు. చాలాసార్లు ఆయన ఫోన్ అప్పటికే ఆయన అదుపులో ఉండదు.

ఆర్‌సీ ఫొటో కూడా గ్రూపులోంచి తీసేయండి. రవాణా శాఖ ఆన్‌లైన్ సేవల్లో మీరు యజమానే అని నమ్మడానికి అడిగేది ఛాసిస్ నంబర్‌లోని చివరి ఐదు అంకెల్లాంటివే. వాటిని బండి నంబర్‌తో కలిపి పంచిపెట్టకూడదు. గ్రూపులో పెట్టే తీరులోనూ తేడా ఉంది. మామూలు ఫొటోగా పంపితే వాట్సాప్ లొకేషన్ వివరాలు తీసేస్తుంది. డాక్యుమెంట్‌గా పంపితే బండి ఏ ఇంట్లో ఉందో కూడా వెళ్లిపోవచ్చు.

మీ అంబాసిడర్‌కి యాప్ అక్కర్లేదు. ఆర్‌సీలో సీసీ ఎంతుందో చూడండి. 1489 అయితే పాత బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) వంశపు ఇంజిన్‌తో వచ్చిన బండి, 1817 అయితే ఇసుజు పెట్రోలు ఇంజిన్‌తో వచ్చినది. 1489లో పెట్రోలు, డీజిల్ రెండూ ఉన్నాయి కాబట్టి ఇంధనం ఏమని రాశారో కూడా చూడండి. ఆర్‌సీలో పెట్రోలు అని ఉండి, బానెట్ కింద స్పార్క్ ప్లగ్గులు లేకపోతే మీ మెకానిక్ చెప్పింది నిజమే. తర్వాత బ్లాక్ మీది పంచింగ్‌ని ఆర్‌సీలోని ఇంజిన్ నంబర్‌తో ఒక్కో అంకె పోల్చండి. తేడా ఉంటే పాత బిల్లులు వెతికి పట్టుకుని, బండి అమ్మే ఆలోచన రాకముందే ఆర్టీఓ ఆఫీసులో ఇంజిన్ మార్పు నమోదు చేయించండి.