పాఠకుల ప్రశ్న: ఒకే నీటిలో పలు వేటలు

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లా కొత్తపట్నం దగ్గర ఒక పల్లెపాలెం. మేము ఫైబర్ బోట్లలో కానాగంతలకు, వంజరానికి వలలు వేస్తాము. మరబోట్లవారు అదే నీటిలో రొయ్య కోసం ట్రాల్ వల లాగుతారు. తమిళనాడు వైపు నుంచి వచ్చే పెద్ద బోట్లు మా వలలను తెంపుకుపోతున్నాయి. ఒక్కొక్క రకం చేపకు ఇన్ని టన్నులని హద్దు పెడితే ఈ తగవు తీరదా?

జవాబు: రకానికొక హద్దు అనే పద్ధతి, ఒకే జాతి చేప పెద్ద గుంపులుగా దొరికే చల్లని సముద్రాలలో కొంతవరకు నడిచింది. మన బంగాళాఖాతంలో రొయ్య కోసం లాగిన వలలోనే సావళ్లు, పీతలు, చందువ పిల్లలు కలిసి వస్తాయి. చందువ హద్దు నిండిందని వలలో పడినవాటిని తిరిగి నీటిలో పారబోస్తే అవి బతకడం అరుదు, లెక్కకు రావడం అంతకన్నా అరుదు. ఈ చిక్కు వల్లనే ఉత్తర అట్లాంటిక్ సముద్రంలోని ఫారో దీవులవారు 1996లో చేపల వారీ వాటాలను వదిలి, బోట్లకు వేట రోజులను పంచే పద్ధతికి మారారు. ఆలోచన సబబైనదే గాని, రోజులను మరీ ధారాళంగా పంచినందువల్ల అక్కడ కాడ్ చేప తగ్గనే తగ్గింది.

కాబట్టి మనకు కావలసింది ఒకే నీటి మీద పడే వేటల బరువునంతా, అంటే బోట్ల సంఖ్యను, ఇంజన్ల శక్తిని, వల కన్ను కొలతను, వేట కాలాన్ని, తీరం నుంచి దూరాన్ని కలిపి చూసే ఏర్పాటు. ఇందులో కొన్ని ముక్కలు ఇప్పటికే ఉన్నాయి. 1994 నాటి రాష్ట్ర చట్టం కింద తీరం నుంచి 8 కిలోమీటర్ల వరకు మరబోట్లు రాకూడదు; ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధం తూర్పు తీరమంతటికీ ఒకటే. నా దృష్టిలో రాష్ట్రాల హద్దులు దాటి అమలవుతున్న ఉమ్మడి నియమం దాదాపు ఇదొక్కటే. మిగిలినవి అతుకులే: దాదాపు 22 కిలోమీటర్ల వరకు రాష్ట్రం, ఆపైన కేంద్రం, పొరుగు బోటుకు అనుమతి ఇచ్చేది ఒక ప్రభుత్వం, అది వల వేసేది మరొకరి నీటిలో. కానాగంతకు ఈ గీతలేవీ తెలియవు.

నన్నడిగితే ముందు చేప కనీస పరిమాణం మీద పట్టుపట్టాలి. కేరళ 2015లో ఈ నియమం తెచ్చింది. దీనిని సముద్రంలో వెంటాడి కాక, చేపలు దించే రేవులోనే తనిఖీ చేయవచ్చు. అయితే ఒక రాష్ట్రమే పాటిస్తే పిల్ల చేప పక్క రాష్ట్రపు రేవుకు చేరి దాణా మిల్లుకు పోతుంది కనుక, తమిళనాడు, ఆంధ్ర కలిసి పాటించాలి.

ఇలా కలిసి నియమం పెట్టుకోవడం, వంతులు వేసుకోవడం మీకు కొత్త కాదు. ప్రళయ కావేరిలో, అంటే పులికాట్ సరస్సులో, రొయ్య పట్టే చోట్లను వంతులవారీగా పంచుకునే పాడు పద్ధతి తరాలుగా ఉంది. మీ కాపులు, అంటే పాలెం పెద్దలు, పెట్టే దురాయికి (కట్టుబాటుకు) ఊరంతా కట్టుబడడమూ మీరెరిగినదే. ఆ మాట మరబోట్ల యజమానులకు వర్తించదు గనుక, వల తెగిన ప్రతిసారీ తేదీ, తీరం నుంచి దూరం, బోటు మీది నమోదు సంఖ్య రాసిపెట్టి, చుట్టుపక్కల పాలేల పెద్దలతో కలిసి మత్స్యశాఖ జిల్లా కార్యాలయంలో ఒకే అర్జీగా ఇవ్వండి.