మొక్కజొన్న చేల నడుమ ముప్పై సమాధులు

ప్రశ్న: అమెరికాలోని అయోవా రాష్ట్రంలో మా అబ్బాయి ఇంట్లో ఉన్న నాలుగు నెలలూ, నేను నడకకు వెళ్ళే దారిలో మొక్కజొన్న చేల మధ్య ఒక చిన్న సమాధుల తోట కనిపించేది. ముప్పైకి మించని తెల్లరాళ్ళు, చుట్టూ ఇనుప కంచె, గేటు మీద ‘పయనీర్ సెమెటరీ’ (తొలి వలసదారుల శ్మశానం) అన్న పేరు. దరిదాపుల్లో ఊరు గానీ చర్చి గానీ లేవు. సగానికి పైగా రాళ్ళు పసిపిల్లలవి. ఊరు లేని చోట సమాధులు ఎందుకున్నాయి? అంత సారవంతమైన నేలను ఎవరూ దున్నకుండా ఎలా వదిలారు? అక్షరాలు కనిపించేలా రాళ్ళను కడగవచ్చా? – ఒక పాఠకురాలు

జవాబు: ఆ సమాధుల కాలానికి అక్కడ ఊరు ఇంకా పుట్టలేదు, లేదా పుట్టి, తర్వాత ఖాళీ అయిపోయింది. సాక్ నాయకుడు బ్లాక్ హాక్‌తో అమెరికా చేసిన యుద్ధం ముగిసిన 1832లోనే అమెరికా ప్రభుత్వం మిసిసిపీ నదికి పడమటి ఒడ్డున ఉన్న పెద్ద భూభాగాన్ని సాక్, మెస్క్వాకీ అనే ఆదివాసీ జాతులవారి చేత ఒప్పందం పేరుతో రాయించుకుంది. 1833 జూన్ 1 నుంచి దానిని వలసదారులకు తెరిచారు. తూర్పు రాష్ట్రాల నుంచి, ఆ తర్వాత ఐరోపా దేశాల నుంచి కుటుంబాలు బండ్లు కట్టుకుని వచ్చాయి. 1846 డిసెంబరు 28న అయోవా రాష్ట్రంగా ఏర్పడేనాటికి కూడా చాలా ఇళ్ళకు పొరుగిల్లంటే దూరప్రయాణమే.

అటువంటి చోట ఇంట్లో ఎవరైనా మరణిస్తే తీసుకువెళ్ళడానికి శ్మశానం ఉండేది కాదు. అందువల్ల తమ పొలంలోనే నీరు నిలవని మెరక చూసి పాతిపెట్టేవారు. మరుసటి ఏడు పొరుగు రైతు ఇంట్లో అదే కష్టం వస్తే అతడు వచ్చి చోటు అడిగేవాడు, వీరు కాదనేవారు కాదు. ఇలా నాలుగైదు కుటుంబాలవారు చేరాక, ఆ భూమి యజమాని అర ఎకరమో ఎకరమో టౌన్‌షిప్ (జిల్లా వంటి కౌంటీలో ఒక చిన్న పాలనా విభాగం) పేరనో చర్చి పేరనో రాసి ఇచ్చేవాడు. తొలి సమాధులకు చెక్క పలకలు, పొలంలో దొరికిన బండరాళ్ళు గుర్తులుగా ఉండేవి. చెక్క చివికిపోయింది, రాళ్ళు మట్టిలో కూరుకుపోయాయి. కాబట్టి మీరు లెక్కపెట్టిన ముప్పై రాళ్ళ కింద ముప్పై మందే ఉన్నారనుకోకండి. నేల పొడవుగా, కొద్దిగా కుంగి ఉన్న చోట్ల పేరు లేని సమాధులు ఉండే అవకాశం ఉంది.

ఆ తర్వాత రైలు వచ్చింది. 1867లో చికాగో నుంచి వచ్చిన మార్గం రాష్ట్రాన్ని దాటి మిస్సోరీ నది ఒడ్డున ఉన్న కౌన్సిల్ బ్లఫ్స్‌ను చేరింది. రైలు మార్గానికి దూరంగా ఉండిపోయిన అనేక చిన్న ఊళ్ళ నుంచి అంగడి, తపాలా కార్యాలయం, బడి ఒక్కొక్కటిగా స్టేషన్ ఉన్న ఊరికి తరలిపోయాయి. కొత్త ఊరిలో కొత్త సమాధుల తోట వెలిసింది. పాతదానికి కొత్త సమాధులు రావడం ఆగిపోయింది. మీరు చూసిన పేరుకు అర్థం ఇక్కడే ఉంది: అయోవా చట్టం ప్రకారం గడచిన 50 ఏళ్ళలో 12 లేదా అంతకంటే తక్కువ ఖననాలు జరిగిన శ్మశానమే ‘పయనీర్ సెమెటరీ’. అక్కడ ఉన్నవారు ఎప్పుడు వలస వచ్చారన్నది కాదు, అక్కడ ఖననాలు ఎంతగా తగ్గిపోయాయన్నదే చట్టం చూసే కొలత. నాకు ఇది ఎంతో దుఃఖభరితమైన నిర్వచనంగా తోస్తుంది.

పసిపిల్లల రాళ్ళను మీరు గమనించడం నన్ను కదిలించింది. పడుకున్న గొర్రెపిల్ల బొమ్మ గానీ విరిగిన మొగ్గ బొమ్మ గానీ ఉంటే అది సాధారణంగా బిడ్డ సమాధి. వయస్సును ఏళ్ళు, నెలలు, రోజులతో సహా చెక్కించేవారు. ఆ బిడ్డ బతికిన ఒక్క రోజు కూడా లెక్కకు రాకుండా పోకూడదని తల్లిదండ్రులు అనుకున్నారనే నాకు అనిపిస్తుంది. ఈసారి వెళ్ళినప్పుడు తేదీలను పక్కపక్కన పెట్టి చూడండి. ఒకే ఇంటిపేరు గల ఇద్దరు ముగ్గురు పిల్లలు కొద్ది వారాల తేడాతో పోయి ఉంటే, డిఫ్తీరియా వంటి అంటువ్యాధిని అనుమానించవచ్చు. దానికి విరుగుడు మందు 1890ల దాకా లేదు.

దున్నకుండా వదిలిన నేల గురించి మీరు అడిగిన ప్రశ్నకు మరో విలువైన పార్శ్వం ఉంది. ఒకప్పుడు ఆ రాష్ట్రంలో నూటికి ఎనభై వంతుల నేల ప్రెయిరీ గడ్డిభూమి. ఈనాడు మిగిలింది అందులో వెయ్యో వంతు కూడా లేదు. నాగలి తగలని ఆ కొద్ది నేలలో కొంత ఇటువంటి సమాధుల మధ్యనే బతికి ఉంది. సీడర్ కౌంటీలోని రోచెస్టర్ శ్మశానం సుమారు 13 ఎకరాలు. అక్కడ ఓక్ చెట్ల నీడలో, సమాధుల నడుమ ప్రెయిరీ పూలు నేటికీ పూస్తాయి. గడ్డి పెరిగిన సమాధిని చూస్తే నిర్లక్ష్యంగా వదిలేశారని బంధువులు నొచ్చుకోవడం సహజమే. అయినా పయనీర్ శ్మశానాలను ప్రెయిరీ గడ్డి, అడవిపూలతో పునరుద్ధరించడానికి రాష్ట్ర చట్టం వీలు కల్పించింది. అది మంచి నిర్ణయమని నా అభిప్రాయం.

ఇక్కడ ఒక సంగతి చెప్పకపోతే ఈ చరిత్ర సగమే అవుతుంది. 1971లో అయోవాలోని గ్లెన్‌వుడ్ వద్ద రోడ్డు పనుల్లో గుర్తులు లేని ఒక పయనీర్ శ్మశానం బయటపడింది. అందులోని 26 మంది శ్వేతజాతీయుల అవశేషాలను తిరిగి ఖననం చేశారు. వారితోపాటు దొరికిన ఆదివాసీ స్త్రీ అవశేషాలను మాత్రం పరిశోధనకు పంపారు. యాంక్టన్ డకోటా జాతికి చెందిన మారియా పియర్సన్ ఈ వివక్షపై గవర్నరు దగ్గరికే వెళ్ళి నిలదీసింది. ఆమె పోరాటం వల్ల 1976లో అయోవాలో ఆదివాసీల సమాధులను కాపాడే చట్టం వచ్చింది. 1990లో దేశమంతటికీ వచ్చిన చట్టానికి అది దారి చూపింది.

రాళ్ళను కడిగే విషయంలో తొందరపడవద్దు. మొదట అది ఎవరి సంరక్షణలో ఉందో, టౌన్‌షిప్ ట్రస్టీలదా, కౌంటీదా, తెలుసుకుని అనుమతి తీసుకోవాలి. ఆ కాలపు పాలరాయి వానకు అరిగి చక్కెరలా రాలిపోతూ ఉంటుంది కనుక బ్లీచింగ్, తీగ బ్రష్, ఒత్తిడితో కొట్టే నీరు దానికి ప్రాణాంతకం. పొర లేస్తున్న రాయినీ, తట్టితే బోలుగా మోగే రాయినీ అసలు ముట్టుకోకూడదు. గట్టిగా ఉన్న రాయికి మంచినీరు, మెత్తని బ్రష్ చాలు. చదవడానికే అయితే నీరు కూడా అక్కర్లేదు: ఒక అద్దంతో ఎండను పక్క నుంచి రాయి మీదుగా పడేలా మళ్ళిస్తే అరిగిన అక్షరాల నీడలు తేలుతాయి. అప్పుడు తీసిన ఫోటోలో పేరూ తేదీలూ చాలావరకు చదవగలుగుతారు.